శ్రుతిదండాల పెట్టె

మొన్న మా కోడలు నన్ను బెజవాడలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. టీవీ సౌండు మరీ పెద్దగా పెడుతున్నానని ఇంట్లో రోజూ గొడవ. ఆ డాక్టరు చిన్నపిల్ల, మా మనవరాలి వయసుంటుంది. సొరుగులోంచి రెండు కొమ్ముల కడ్డీ ఒకటి తీసి, మోచేతికి కొట్టి, నా చెవి వెనక ఎముకకి ఆనించింది. "మోత ఆగిపోగానే చెప్పండి అమ్మమ్మా" అంది. నేను చెప్పలేదు. మోత ఎప్పుడో ఆగిపోయిందట. నేను కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నానట. కోడలు కంగారుపడి భుజం కుదిపింది. "ఏం లేదమ్మా, దీన్ని చూసి చాలా ఏళ్లయింది" అన్నా.

మేము చదువుకునే రోజుల్లో దాన్ని శ్రుతిదండం అనేవాళ్లం.

అమ్మకి జబ్బు చేయకపోతే నేను పేటలో చదివేదాన్నే కాదు. జగ్గయ్యపేటని మేమంతా పేట అనే అనేవాళ్లం. మాది నందిగామ. నాన్న మిషను బడిలో చిన్న క్లాసులకి పంతులు. ఆదివారం గుళ్లో పాట ఎత్తేది అమ్మ. అమ్మ గొంతు అంత సన్నం కాదు, కొంచెం జీర ఉండేది. అయినా ఎత్తిందంటే వెనక కూర్చుని కునికే ముసలాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు.

చెల్లెలు పుట్టిన కొద్ది నెలలకి అమ్మకి దగ్గు పట్టుకుంది. చలికాలం దగ్గేలే అనుకున్నారు. మిరియాల కషాయం తాగింది, తమలపాకు రసం తాగింది. ఒక పొద్దున బావి దగ్గర నోరు పుక్కిలించి ఉమ్మితే ఎర్రగా పడింది. గబగబా దాని మీద చెంబుడు నీళ్లు పోసింది గానీ, నేను చూడనే చూశా.

"మీ నాన్నకి చెప్పమాక" అంది.

నేను చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం మళ్లీ పడింది, ఈసారి నాన్న కళ్లముందే.

బెజవాడ ఆసుపత్రిలో ఛాతీకి ఫొటో తీసి క్షయ అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. నాయనమ్మ "ఆ పెద్ద జబ్బు" అనేది, అది కూడా గొంతు తగ్గించి. అమ్మకి పళ్లెం వేరు, గ్లాసు వేరు, వెనక వసారాలో మంచం వేరు. చెల్లెలికి ఆ రోజే పాలు మాన్పించారు. పేట నుంచి అత్త వచ్చింది. అత్తంటే నాన్నకి అక్క. పిల్లల్లేరు. చెల్లెల్ని తువ్వాలులో చుట్టి ఎత్తుకుంది. దానికి తోడుగా నన్ను కూడా పంపించేశారు. అమ్మ వసారా గుంజ పట్టుకుని చూస్తూ నిలబడింది. దగ్గరికి రాలేదు. "తలకి గాలి తగలనీయమాక వదినా" అని మాత్రం అంది.

అత్త వాళ్లాయన మిరపకాయల కొట్లో తూకం వేసేవాడు. ఆయన సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టాడంటే ఇంటిల్లిపాదీ తుమ్మాల్సిందే. చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఆ ఘాటుకి చెల్లెలు బుడిబుడి తుమ్ములు తుమ్మేది. మామయ్యది గరికపాడు అవతల తెలంగాణ వైపు ఊరు, మాట కొంచెం అటు యాస. "గా పోరి కోసం కోడిగుడ్డు ఉడకేసినవా?" అని రోజూ అడిగేవాడు. రాత్రి జొన్నన్నం, గోంగూర పచ్చడి, నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ. వానలు పడి మున్నేరు పారితే పెనుగంచిప్రోలు నుంచి ఒకావిడ తట్టలో చేపలు తెచ్చేది. అత్త ముళ్లు ఏరి, పులుసన్నం మెత్తగా పిసికి, చెల్లెలికి వేలితో నాకించేది. చెల్లెలు లొట్టలేసేది. అలా లొట్టలేస్తూనే ఒకరోజు అత్త మొహంలోకి చూసి "అమ్మ" అంది.

అత్త చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా వంక చూసింది. "నేను నేర్పలేదే అమ్మాయ్" అంది. నిజమే, నేర్పలేదు.

పేట స్కూల్లో సైన్సు గ్రూపులో ఆడపిల్లలం ఇద్దరమే. సైన్సు గదిలో నవాసారం, స్పిరిట్టు, బీరువాలో వేసిన కలరా ఉండలు, అన్నీ కలిసిన వాసన ఒకటుండేది. ఆ వాసనంటే నాకు ప్రాణం. మా మాస్టారు పొట్టిగా ఉండేవారు. ముక్కుపొడుం వేసేవారు. "చూస్తే సైన్సు, బట్టీ పడితే పురాణం" అనేవారు. కిటికీ తలుపు ఓరగా వేసి, ఆ సందులోంచి వచ్చే ఎండకి పట్టకం అడ్డుపెట్టి సున్నం గోడ మీద ఏడు రంగులు పరిచారు ఒకరోజు. వెనక బెంచీవాళ్లు లేచి వచ్చి గోడని చేత్తో తడిమి చూశారు. గాజు కడ్డీని పట్టుగుడ్డతో రుద్ది కాగితం ముక్కల్ని ఎగరేయించేవారు. బ్యాటరీ తీగలు రెండూ నాలిక్కి ఆనిస్తే పుల్లగా చురుక్కుమంటుందని మేము ఆయన లేనప్పుడు కనిపెట్టాం.

మాస్టారినడిగి ఒక అయస్కాంతం ఇంటికి తెచ్చుకున్నా. దానికి దారం కట్టి వీధి దుమ్ములో ఈడ్చుకెళితే నల్లటి ఇనుప రజను గుబురుగా అంటుకునేది. చెల్లెలు నా వెనకే తప్పటడుగులేస్తూ వచ్చి దాన్ని చూసి "మీసం!" అని అరిచింది. మామయ్య మీసాన్ని చూపించి అత్త నేర్పిన మాట అది. వీధంతా నవ్వింది. ఆ రోజు నుంచి దానికి అయస్కాంతం పేరు మీసమే.

శనివారం సాయంత్రం బస్సెక్కి నందిగామ వెళ్లేదాన్ని. వసారా మెట్టు మీద నేను, అవతల మంచం మీద అమ్మ. మధ్యలో ఖాళీ. నేను కూర్చోకముందే అడిగేది.

"ఈ వారం ఏం మాటలొచ్చినయ్యే?"

నేను ఒక్కోటి చెల్లెలు అన్నట్టే అని చూపించేదాన్ని. నీళ్లని "నీవు" అంటదనీ, బస్సుని "బుచ్చు" అంటదనీ, అయస్కాంతానికి మీసాలొచ్చాయనీ. అమ్మ ఒక్కోమాటకీ నవ్వి నోరు చెంగుతో మూసుకునేది, నవ్వితే దగ్గొస్తుందని.

"అమ్మ అంటందా?"

"అంటుందమ్మా."

అంతకుమించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

రోజు మార్చి రోజు కాంపౌండరు వచ్చి స్ట్రెప్టోమైసిన్ సూది వేసేవాడు. వాటితోపాటు చేదు బిళ్లలు. నాన్న చేతి వాచీ పోయింది, తర్వాత సైకిలు పోయింది, సూదులు మాత్రం ఆగలేదు. అమ్మ బుగ్గలు మళ్లీ నిండటం మొదలయ్యాయి. సాయంత్రం జ్వరం రావడం మానేసింది. నాయనమ్మ గుళ్లో లేచి నిలబడి, ప్రభువే బతికించాడని సాక్ష్యం చెప్పింది. మాకందరికీ గండం గడిచిందనిపించింది.

ఆ రోజుల్లోనే అమ్మ ఒకసారి, "చెవుల్లో కీచురాళ్లు అరుస్తన్నట్టుందే" అంది. బలహీనం అన్నాడు కాంపౌండరు. తర్వాత నడిచేటప్పుడు గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఒక శనివారం నేను వెనక నుంచి "అమ్మా" అంటే తిరగలేదు. మళ్లీ పిలిచా. దగ్గరికెళ్లి కంటపడితే ఉలిక్కిపడింది. "ఎప్పుడొచ్చావే? పిలవొచ్చుగా" అంది.

అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున చెవిటికల్లు. అదే మాటకి అందింది ఇరుగుపొరుగుకి. "చెవిటికల్లు పిల్లకి చెవుడు రాక ఇంకేం వస్తది?" అందొకావిడ మా గుమ్మంలో నిలబడి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరూ నవ్వుతున్నారని అమ్మ కూడా నవ్వింది. నాయనమ్మ లోపలికెళ్లిపోయింది.

నాన్న బెజవాడ తీసుకెళ్లి చూపించాడు. డాక్టరు దాచలేదు. "ప్రాణం నిలిపింది ఈ మందే, చెవుల్ని తీస్తున్నదీ ఈ మందే. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు నేను చేయగలిగింది ఉండదు" అన్నాడట. నాన్న అదంతా నాకు బస్‌స్టాండులో నిలబడి చెప్పాడు. చెబుతూ బస్సుల బోర్డులు చదువుతున్నట్టు అటే చూస్తూ ఉన్నాడు.

అప్పటికి స్కూల్లో ధ్వని పాఠం నడుస్తోంది. ఒకరోజు మాస్టారు రెండు చెవుల్లో దూది పెట్టుకుని, శ్రుతిదండాన్ని మడమకి కొట్టి, కాడని పంటి కింద పెట్టుకున్నారు. "ఇప్పుడు నాకు మీ మాట వినపడదు, దీని మోత మాత్రం గుయ్యిమంటోంది. ఎందుకు? ఎముక మోసుకెళుతోంది" అన్నారు. మా అందరి చేతా చేయించారు. నా వంతు వచ్చినప్పుడు తల నిండా ఆ మోత నిండింది. నేను లేచి నిలబడ్డా.

"మాస్టారూ, చెవుడు వచ్చినవాళ్లకి కూడా ఇట్టా వినపడుతుందాండి?"

"కొందరికి వినపడుతుంది. ఎవరికమ్మా?"

క్లాసులో చెప్పలేకపోయా. గంట కొట్టాక చెప్పా. ఆయన పొడుం డబ్బీ తీసి, వేసుకోకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నారు. బీరువా తాళం తీసి శ్రుతిదండాల పెట్టె నా చేతిలో పెట్టారు. నీలం మఖ్మలు గుడ్డలో పొడుగువి మొదలు పొట్టివి దాకా వరసగా పడుకుని ఉన్నాయి. "స్కూలు సొత్తు. సోమవారం ప్రార్థన గంటకి ముందే బీరువాలో ఉండాలి" అన్నారు. అత్త చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లా. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. ఎముక మోసుకెళుతుంది. అమ్మకి ఎముకలున్నాయిగా.

మరునాడు గుడి నుంచి వచ్చాక అమ్మని వసారాలో కూర్చోబెట్టా. నాన్న, నాయనమ్మ గుమ్మంలో నిలబడ్డారు. అన్నిటికన్నా పొడుగు దండం మోకాలికి కొట్టి అమ్మ చెవి వెనక ఆనించా. అమ్మ కళ్లు పెద్దవయ్యాయి.

"తుమ్మెద! తుమ్మెదలాగుందే!"

నాయనమ్మ "ప్రభువా" అంది. రెండోది పెట్టా. "వినపడతంది" అంది. మూడోది. "ఆఁ, వినపడతంది." నాలుగోది ఇంకా సరిగా ఆనించకముందే తలూపింది. అప్పుడు అమ్మ మొహం చూశా. ఆమె మోత కోసం చూడటం లేదు. నా మొహం చూస్తోంది. నేను ఎంత సంతోషంగా ఉన్నానో చూసి తలూపుతోంది.

అన్నిటికన్నా పొట్టి దండం తీశా. కొట్టినట్టు చెయ్యి ఆడించా గానీ కొట్టలేదు. ఉత్త కడ్డీని ఆమె చెవి వెనక పెట్టా.

"వినపడతందే. ఇది ఇంకా బాగుంది" అంది అమ్మ.

నేను పెట్టె మూసేశా. "అన్నీ వినపడ్డాయిగా? మీ మాస్టారికి చెప్పు, సంతోషపడతాడు" అంది. నాన్నకి అర్థమైంది. నాయనమ్మకి అర్థం కాలేదు, ఆ పూటంతా స్తుతి చేస్తూనే ఉంది.

సోమవారం మాస్టారికి చెబితే, ఆ వచ్చే ఆదివారం ఆయనే నందిగామ వచ్చారు. చేతిలో శ్రుతిదండాల పెట్టె, చంకలో ఒక రేకు గొట్టం. గ్రామఫోను బాకాలాంటిది, పేటలో ఎవరిచేతో చేయించారట. సన్నటి కొస చెవిలో పెట్టుకుంటే వెడల్పు వైపు నుంచి మాట్లాడాలి. దాంట్లో నాన్న లావు గొంతుతో పలికితే అమ్మకి కొంచెం అందింది. మాస్టారు దండాలన్నీ మళ్లీ పెట్టి చూశారు, అమ్మని కళ్లు మూసుకోమని, వినపడితే చెయ్యెత్తమని చెప్పి. పొడుగువి రెండిటికీ చెయ్యెత్తింది. మిగతావాటికి చెయ్యి ఒళ్లోనే ఉంది.

బయటికొచ్చాక ఆయన నాతోనూ నాన్నతోనూ అన్నారు. "ఎముక మోసుకెళ్లి చేర్చాలంటే లోపల అందుకునేది బతికుండాలి కదండీ. బల్బులో తీగ తెగితే ఎంత కరెంటిచ్చీ లాభం లేదు. సన్న మోతలు పోయినయ్. లావు మోతలు ఇంకా మిగిలినయ్. అవి ఎన్నాళ్లుంటాయో చెప్పలేను. నాకు తెలిసింది అంతే."

"పసిపిల్లల గొంతండి?" అని అడిగా.

ఆయన నా వంక చూసి, తర్వాత చేతిలో పెట్టె వంక చూశారు. "సన్నమే కదమ్మా" అన్నారు. "గొట్టంలో అరిస్తే ఈ కాస్త రోజులూ ఏమన్నా అందుతుందేమో. ఆలస్యమైతే అదీ ఉండదు" అన్నారు.

ఆయన బస్సెక్కగానే నాన్నతో దెబ్బలాడా. "చెల్లెల్ని ఇప్పుడే తీసుకొద్దాం నాన్నా. ఒక్క పూట. ఇప్పుడు వినకపోతే అమ్మ ఇంకెప్పటికీ వినదు."

"కళ్లె పరీక్షలో ఇంకా పురుగు ఉందన్నారు" అన్నాడు నాన్న. "పిల్లకి అంటితే?"

"దూరంగా నిలబెడదాం."

"గొట్టంలో అరవాలంటే దూరమెట్టా అవుద్ది?"

అన్నాడే గానీ నాన్నా తేల్చుకోలేకపోయాడు. చివరికి పలక తీసుకుని, "పాపని తీసుకురమ్మంటావా? చెవులు పూర్తిగా పోకముందు?" అని రాసి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ చాలాసేపు చూసింది. ఆ కాస్త రాతనీ ఎన్నిసార్లు చదువుకుందో. తర్వాత చెంగుతో పలక శుభ్రంగా తుడిచింది.

"వద్దు. దాని మాట నేను వినకపోతే దానికేం కాదు. ఈ దగ్గు దానికి అంటితే?" అంది. మా ఇద్దరి మొహాలూ చూసి, "నా దగ్గర ఏడవమాకండి" అంది.

చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. పేటలో చెల్లెలు రోజురోజుకీ మాటలు కలుపుకుంటోంది. కాకిని తిడుతోంది, మామయ్యని గదమాయిస్తోంది. స్కూల్లో నేను ధ్వని పూర్తిచేసి, అయస్కాంతత్వం పూర్తిచేసి, విద్యుత్తులో పడ్డా. చెల్లెలు మాట్లాడుతుంటే నాకు వినబుద్ధయ్యేది కాదు. దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఆగవే, కొంచెం ఆగి మాట్లాడు అనాలనిపించేది. శనివారాలు ఆ మాటలన్నీ పలక మీద రాసి చూపించేదాన్ని. "బుచ్చు" అని రాస్తే అది మా చెల్లెలి మాటలాగే ఉండేది కాదు.

వానలు మొదలయ్యాక ఆసుపత్రిలో మళ్లీ ఫొటో తీసి, పరీక్షలన్నీ చేసి, నయమైంది, పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చన్నారు. అప్పటికి నాన్న గొంతు కూడా అమ్మకి అందడం ఆగిపోయింది.

అత్త చెల్లెల్ని తీసుకొచ్చింది. అమ్మ కొత్త చీర కట్టుకుని బస్‌స్టాండు దాకా గోడలు పట్టుకుంటూ వచ్చింది. చేతిలో ఆ రేకు గొట్టం. చెల్లెలు దాన్ని చూసి జడుసుకుని అత్త మెడ కరుచుకుంది.

"ఎవలు?" అంది.

"అమ్మరా తల్లీ" అంది అత్త.

"కాదు. అమ్మవి నువ్వు."

అమ్మ దాని పెదాల వంక చూస్తూ నవ్వుతోంది. "ఏమంటంది? ఏమంటందే?" అని నన్ను అడిగింది. అత్త మొహం తిప్పేసుకుంది. నాన్న సంచిలోంచి పలక తీశాడు. నిలబడే రాశాడు. "అమ్మ అంటోంది" అని రాసి చూపించాడు. అమ్మ పలక మీద ఆ అక్షరాల్ని వేలితో తాకింది.

మధ్యాహ్నానికి చెల్లెలికి గొట్టం ఆటవస్తువైంది. అమ్మ చెవిలో ఒక కొస పెట్టుకుని కూర్చుంటే, రెండో వైపు మూతి పెట్టి "కూ" అని అరిచేది, పకపక నవ్వేది, మళ్లీ అరిచేది. ఇల్లంతా మోగిపోతోంది. "చల్లగా గాలి తగలతందే" అంది అమ్మ. అంతే తగిలింది.

అత్త రెండు రోజులుండి, చెల్లెలు నిద్రపోయాక చెప్పకుండా పేట వెళ్లిపోయింది. ఆ వారమంతా చెల్లెలు అమ్మ కోసం ఏడ్చింది, అమ్మ ఒళ్లోనే కూర్చుని.

పరీక్షల ముందు ఒకరోజు వసారాలో చదువుకుంటున్నా. అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"దాని గొంతు ఎట్టా ఉంటదే?"

ధ్వని లక్షణాలు మూడు. స్థాయి, తీవ్రత, నాదగుణం. ఆ పేజీ నా ఒళ్లోనే తెరిచి ఉంది. నేను పలక తీసుకున్నా. సన్నంగా ఉంటుందని రాశా. పిల్లలందరిదీ సన్నమేగా అంది. కొంచెం జీర ఉంటుందని రాశా. చివరికి, "నీ గొంతులాగే ఉంటుందమ్మా" అని రాశా. అది నిజం కూడా.

అమ్మ చదివి, తన గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"నాది ఎట్టా ఉండేదో నాకు గుర్తు రావడం లేదే" అంది.

నేను పలక తుడిచి పక్కన పెట్టా.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. మా పెళ్లిళ్లు చూసింది, మనవల్ని ఎత్తుకుంది. చెల్లెలు కూడా నాన్నలాగే టీచరైంది. ఇప్పుడు మా ఇద్దరికీ తలలు నెరిసిపోయాయి. కానీ అమ్మ అనుకోగానే నాకు కనపడేది వేరే పొద్దు. బళ్లోకి పోయే వయసు వచ్చింది చెల్లెలికి. వసారా మెట్టు మీద అమ్మ దాన్ని కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది. చెల్లెలు అటు తిరిగి కూర్చుని, ఎలుక పెళ్లి కథో ఏదో చేతులు తిప్పుతూ చెబుతోంది. దాని పెదాలు అమ్మకి కనపడవు. చిక్కు తీసే దువ్వెన కింద దాని తల ఊగడం మాత్రం తెలుస్తోంది. తల ఊగినప్పుడల్లా అమ్మ "ఊఁ" అంటోంది. చెల్లెలికి అది చాలు. అది చెబుతూనే ఉంది, అమ్మ ఊకొడుతూనే ఉంది.